పావురాళ్ళ కొండ మీద మంచినీళ్ళు

సముద్రం లేని ఊళ్ళో పుట్టినవారికి సముద్రం మీద ఎంత మోజు ఉంటుందో, సముద్రపుటొడ్డున పుట్టినవారికి ఎంత చెప్పినా అర్థం కాదు. మా టేక్మాల్ మెదకు జిల్లాలో ఉన్నది. అక్కడ మాకు తెలిసిన జలరాశులు రెండే: వానకు నిండి ఎండకు అడుగంటే చెరువులు, ఆ చెరువులకన్న కొంచెం నిదానంగా అడుగంటే మంజీర. కొండలకు మాత్రం మాకు కొరత లేదు. ఎవరో పిల్లవాడు ఆడుకొని, పేర్చినవి పేర్చినట్టే వదిలిపెట్టి వెళ్ళాడా అన్నట్టు, ఒకదానిపై ఒకటిగా నిలిచిన గ్రానైటు గుండ్లు మా వైపు ఎక్కడ చూచినా కనిపిస్తాయి. మెదకు ఖిల్లా కట్టింది అటువంటి గుట్టమీదనే. అందుచేత కొండ ఎక్కటం మాకు కొత్త కాదు. ఒక ప్రక్క సముద్రం పెట్టుకొని కొండ ఎక్కటమే కొత్త.

దసరా సెలవులలో విశాఖపట్నం వెళ్దామని మొదట అన్నవాడు మా లెక్కల సారు. సద్దుల బతుకమ్మ, పండుగ, జమ్మి ఆకు పంచుకోవటం అన్నీ అయిన తరువాతనే కదలాలని మా ఇళ్ళల్లో షరతు పెట్టారు. ఆ షరతుకు లోబడి అయిదుగురం తేలాము. లెక్కల సారు ఒకరు. మా పశువుల డాక్టరు ఒకరు. కిరాణా దుకాణం సేటు ఒకరు. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికే నేను ఒకణ్ణి. అయిదవ వారు మా పెద్దసారు. ఆయన ప్రాథమిక పాఠశాలలో మా అందరికీ అక్షరాలు దిద్దించినవారు. ఉద్యోగ విరమణ చేసి ఎనిమిదేళ్ళయింది. దాదాపు నలభై ఏళ్ళు పిల్లల చేత “మూడువైపుల నీరు ఉన్న భూభాగాన్ని ద్వీపకల్పం అంటారు” అని వల్లె వేయించిన ఆ మహానుభావుడు, ఆ నీటిని ఒక్క వైపు నుంచి అయినా చూచి ఎరుగరు! ఎప్పుడు బయలుదేరుదామన్నా ఏదో ఒక అడ్డంకి. పిల్లల పెండ్లిండ్లు, ఇంటావిడ అనారోగ్యం, బోరు ఎండటం, కొత్త బోరు వేయటం. “ఈసారి తీసికపోకుంటే నేను మ్యాపులోనే సముద్రం చూసి పోత” అని ఆయన నవ్వుతూనే అన్నారు గాని, మాకెవరికీ నవ్వు రాలేదు.

హైదరాబాదులో సాయంకాలం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నం. అక్కడి నుంచి భీమునిపట్నానికి సముద్రం వెంబడే రోడ్డు, సుమారు 30 కిలోమీటర్లు. కుడిచేతివైపు కడలి, ఎడమచేతివైపు కొండలు. ఈ రోడ్డును గురించి చాలామంది చాలా వ్రాశారు. కాని ఆ ఎడమవైపు కొండల పేర్లను గురించి ఎవరైనా వ్రాశారో లేదో, నా కళ్ళకు మాత్రం మొదట ఆనినవి ఆ పేర్లే. ఒకటి తొట్లకొండ. ఒకటి బావికొండ. మూడవది, మేము ఎక్కబోయేది, పావురాళ్ళ కొండ. మూడింటిమీదా ఇంచుమించు రెండువేల ఏళ్ళనాడు బౌద్ధ భిక్షువుల ఆరామాలు ఉండేవి. ఆ ఆరామాలు పాడుపడ్డాయి. కట్టించినవారిని జనం మరచిపోయారు. కొండలకు ఆనాడు ఉన్న పేర్లు కూడ మాసిపోయాయి. తరువాత వచ్చిన తెలుగువారు మళ్ళీ పేర్లు పెట్టేటప్పుడు, మూడింటిలో రెండు కొండలకు అక్కడ తాము చూచిన నీటివసతులనే పేర్లుగా పెట్టారు. స్తూపం పేరు కాదు, దేవుడి పేరు కాదు, తొట్టి, బావి! అవసరమైన వస్తువును మన జనం ఎట్లా గుర్తు పెట్టుకొంటారో చూడండి.

తొట్లకొండ సంగతి నిజానికి 1976లోగాని లోకానికి తెలియలేదు. నౌకాదళంవారు తమ స్థావరంకోసం విమానంలో పైనుంచి సర్వే చేస్తుండగా శిథిలాలు కంటబడ్డాయి. తరువాత 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వకాలు జరిపితే మహాస్తూపం, విహారాలు, రాతిలో తొలిచిన నీటితొట్లు, వాటితోపాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు దొరికాయి. రోము నగరపు వెండికి ఈ కొండమీద ఏం పని? పని ఉన్నది. క్రింద సముద్రంలో ఓడలు తిరిగేవి. వర్తకులు వచ్చేవారు. ప్రయాణం సుఖంగా సాగాలని మ్రొక్కుకొని, భిక్షువులకు దానాలు ఇచ్చేవారు. కొండమీది దీపం కనబడితే ఒడ్డు దగ్గరపడిందని నావికుడికి ధైర్యం కలిగేదని ఊహించటం కష్టం కాదు.

భీమునిపట్నం చేరేసరికి ఎనిమిది గంటలయింది. ఊరు చిన్నదే గాని చరిత్ర పెద్దది. 17వ శతాబ్దిలో డచ్చివారు వచ్చి ఇక్కడ వర్తకస్థానం పెట్టుకొన్నారు. వారి సమాధులు ఈనాటికీ సముద్రానికి దగ్గరలోనే ఉన్నాయి. 1824లో ఇంగ్లీషువారికీ వారికీ కుదిరిన సంధి ప్రకారం 1825లో ఈ పట్నం ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. ఎక్కడో పుట్టి, ఎన్నో నెలలు ఓడలో ప్రయాణం చేసి, ఈ సరుగుడు చెట్ల క్రింద శాశ్వతంగా నిద్రపోయిన ఆ పరదేశులను తలచుకొంటే, రాత్రంతా రైలులో నిద్ర పట్టలేదని సణుగుతున్న మా సేటు కూడ కొంచెంసేపు మౌనం వహించాడు.

పెద్దసారు మాత్రం సమాధుల దగ్గర ఆగలేదు. తిన్నగా ఇసుకలోకి నడిచి, పంచె మోకాళ్ళదాకా ఎత్తి కట్టి, అల పాదాలమీదికి వచ్చిందాకా నిలబడ్డారు. వంగి దోసిలితో నీళ్ళు తీసికొని నాలుకకు అంటించుకొని, “ఉప్పే” అన్నారు, ఎవరో ఇన్నాళ్ళుగా తనకు చెప్పినమాట ఇప్పుడు ఋజువైందన్నట్టు. తరువాత చాలాసేపు చూచి, మా వైపు తిరిగి, “ఇది ఒడ్డు గద తమ్మీ. ఒడ్డున నిలబడితె చెరువు గూడ పెద్దగనే కనబడతది. సముద్రమంత ఎంతున్నదో పైకెల్లి చూడాలె” అన్నారు. మేము కొండ ఎక్కాలని ముందే అనుకొన్నా, ఆయనను క్రింద గుడి దగ్గర కూర్చోబెట్టి వెళ్దామనుకొన్నాము. ఆ ఆలోచన అంతటితో సరి.

పావురాళ్ళ కొండను ఆ ఊళ్ళో నరసింహస్వామి కొండ అనికూడ అంటారు. కొండవాలున నరసింహస్వామి గుడి ఉన్నది. బకాసురుణ్ణి చంపిన భీముడే స్వామిని ప్రతిష్ఠించాడనీ, అందువల్లనే ఊరికి భీమునిపట్నమని పేరు వచ్చిందనీ స్థానికులు చెప్పుకొంటారు. కొండ ఎత్తు సుమారు 450 అడుగులు. “ఇంతేనా! మా ఖిల్లా ఎక్కినవాళ్ళకు ఇదొక లెక్కా?” అన్నాడు సేటు. అంకె చూచి అట్లాగే అనిపిస్తుంది. కాని సముద్రమట్టం నుంచి మొదలుపెట్టి ప్రతి అడుగూ మన కాళ్ళతోనే ఎక్కవలసిన కొండ అది, పైగా నిటారు.

గుడివరకు మెట్లున్నాయి. దర్శనం చేసికొని, అక్కడ నీడలో కూర్చుండి, ఇంటినుంచి తెచ్చుకొన్న మలీద ముద్దలలో సగం ముగించాము. జొన్నరొట్టెను బెల్లంతో కలిపి దంచి చేసే ఈ మలీద, మా తెలంగాణంలో సద్దుల బతుకమ్మనాటి ప్రసాదం. రెండుమూడు రోజులు చెడదు. మంచినీళ్ళుకూడ అక్కడే సగానికి పైగా ఖర్చయినాయి. గుడి దాటాక మేము ఎంచుకొన్నది కాలిబాట. ముళ్ళపొదలు, జారుడు గులకరాళ్ళు, మధ్యమధ్య ఎఱ్ఱబారిన బండలు. మా వైపు గ్రానైటు గట్టిది, కాలు పెడితే అంటి పట్టుకొంటుంది. తూర్పు కనుమలలోని ఈ రాయి వేరు. దీనిని ఖొండలైటు అంటారు. కొండజాతివారైన ఖోండుల పేరుమీద శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అది. ఎండకు వానకు నానినకొద్దీ మెత్తబడి, రేగి, కాలిక్రింద పొడిపొడిగా రాలుతుంది.

రాయికన్న గాలి మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. అక్టోబరు నెల కాబట్టి ఎండ మాకు ఎండగా తోచలేదు. మెదకు ఎండలు చూచినవాళ్ళం! కాని పది నిమిషాలలో అందరి చొక్కాలూ పిండితే నీళ్ళు కారేట్టున్నాయి. కారణం డాక్టరు చెప్పాడు: “మన దగ్గర చెమట పట్టంగనే ఆరిపోతది. ఆరుకుంట ఒంట్లె వేడి తీసుకపోతది. ఈడ గాలి నిండ తేమనే. చెమట ఆరది, కారుడే. నీళ్ళు బయటికి పోతయి, వేడి లోపల్నే ఉంటది.” ఎండాకాలం నలభై డిగ్రీలలో పొలం గట్లవెంట తిరిగే మనిషి, ముప్ఫై రెండు డిగ్రీలకు సముద్రపుటొడ్డున ఎందుకు సొమ్మసిల్లుతాడో ఆనాడు నాకు బోధపడింది.

సగం దూరం ఎక్కాక రెండు సంగతులు వెంటవెంటనే జరిగాయి. చేతిసంచీని ఒక బండమీద పెట్టి తల తుడుచుకొంటున్న సేటు, సంచీ జారటం గమనించలేదు. అందులో ఉన్న రెండు నిండు సీసాలు, మిగిలిన మలీదలో ఒక పొట్లం, దొర్లుకొంటూ వెళ్ళి ముళ్ళకంపలో ఎక్కడో పడ్డాయి. దానికోసం అందరం క్రిందికి తొంగిచూస్తుండగా, వెనుకనుంచి పెద్దసారు “నాకు కండ్లు తిరుగుతున్నయి” అని మెల్లగా అని, ఉన్నచోటనే కూర్చుండిపోయారు. ముఖం పాలిపోయింది. పెదవులు ఎండిపోయాయి. చేయి పట్టుకొంటే వణుకుతున్నది.

మా దగ్గర మిగిలినవి అరసీసా నీళ్ళు. డాక్టరు నాడి చూచాడు. “నువ్వు పశువుల డాక్టరువు గద!” అన్నాడు సేటు గాభరాగా. “మనిషైనా ఎద్దైనా దీనికి మొదటి మందు నీడ, నీళ్ళే” అని అతడు కసరి, పెద్దసారును ఒక బండ నీడకు చేర్చి, కండువా తడిపి మెడమీద వేసి, ఉన్న నీళ్ళు గుక్కగుక్కగా పట్టించాడు. అవి రెండు నిమిషాలలో అయిపోయాయి. లెక్కల సారు గుడిదాకా దిగి నీళ్ళు తేవటానికి సిద్ధమైనాడు. వేగంగా దిగితే ఇరవై నిమిషాలు. తిరిగి ఎక్కటానికి నలభై. ఆ గంటసేపు ఏం చేయాలి? ఎదురుగా కనుచూపుమేర నీళ్ళు. నీలంగా, నిండుగా, లోకంలోని దాహమంతా తీర్చగలిగినన్ని నీళ్ళు. అందులో ఒక్క గ్లాసు ఆయన గొంతులో పోయటానికి లేదు!

ఆ సమయంలో మేకల మెడగంటలు వినిపించాయి. నలభై యాభై మేకలను తోలుకొంటూ ఒక ముసలమ్మ పొదల మధ్యనుంచి వచ్చింది. మమ్మల్ని చూచి, “ఏటి బాబూ, అలా కూకుండిపోనారు? పెద్దాయనకి ఒంట్లో బాగునేదేటి?” అని అడిగింది. మేము సంగతి చెప్పేలోగానే భుజాన ఉన్న మూట దింపి, స్టీలు డబ్బా మూత తీసింది. “నీల్లొక్కటే తాగితే నిలబడవు. చోడంబలి తాగించండి, ఉప్పేసుంది” అన్నది. అప్పటికే పరుగెత్తబోతున్న లెక్కల సారు ఆగిపోయాడు. పెద్దసారు డబ్బా అందుకొని వాసన చూచి, “తైద అంబలి!” అన్నారు. ఆయన గొంతులో ప్రాణం తిరిగి వచ్చినట్టు అనిపించింది. ఉత్తరాంధ్రవారి చోళ్ళు, మా తైదలు, మరికొందరి రాగులు, అన్నీ ఒకటే గింజ. ఏడువందల కిలోమీటర్లు వచ్చి, ఒకే తెలుగు మాట్లాడే ఇద్దరు ముసలివాళ్ళు, ఒకే గింజను రెండు పేర్లతో పిలుచుకొంటూ కూర్చున్న ఆ దృశ్యం నా పాఠాలన్నిటికన్న పెద్ద పాఠం. ఉప్పు వేసిన అంబలి గొప్పతనాన్ని డాక్టరుకూడ మెచ్చుకొన్నాడు. చెమటతో పోయింది నీళ్ళు మాత్రమే కాదు, ఉప్పుకూడ గదా!

ఆమెకు డబ్బు ఇవ్వబోతే తీసికోలేదు. మిగిలిన మలీద ముద్దలు ఇస్తే మాత్రం సంతోషంగా తీసికొని, ఒకటి కొరికి చూచి, “ఇదేటి, సున్నుండా?” అన్నది. కాదని చెప్పి బతుకమ్మ కథ కొంత వినిపించాము. ఇక్కడ నీళ్ళు ఎక్కడైనా ఉన్నాయా అని అడిగితే, “పైన రాతి తొట్లల్లో ఉన్నాయి. మేకలు తాగుతాయి. ఎనకటి మనుసులు తాగీవోరంట, ఇప్పుడు మనం తాగం” అని చెప్పి మేకలవెంట సాగిపోయింది.

అరగంట గడిచింది. పెద్దసారు ముఖంలో రక్తం ఆడింది. ఇక దిగుదామని మేము నలుగురం ఏకగ్రీవంగా తీర్మానించాము. ఆయన వినలేదు. “దిగుడుకు ఎంత కష్టమో ఎక్కుడుకు అంతే ఉన్నది. సగం దాక వచ్చి వాపసు పోతే మళ్ళ నన్ను ఎవరు తోలుకొస్తరు?” అన్నారు. ఆ ప్రశ్నకు మాలో ఎవరూ జవాబు చెప్పలేదు. చివరకు డాక్టరు మరొకసారి నాడి చూచి ఒక ఒప్పందం కుదిర్చాడు. ఇరవై అడుగులు వేయాలి, ఆగాలి, ఊపిరి నిలకడకు వస్తేనే మళ్ళీ ఇరవై. ఈలోగా లెక్కల సారు గుడికి వెళ్ళి నీళ్ళు తెచ్చాడు. ఆ నీళ్ళతో, ఆ లెక్కతో ప్రయాణం సాగింది. పెద్దసారు స్వయంగా “ఒకటి, రెండు, మూడు” అని ఎక్కం చెప్పించినట్టు లెక్కపెడుతూ నడిచారు. మా నోళ్ళుకూడ మాకు తెలియకుండానే ఆ అంకెలకు జత కలిశాయి. తరగతి గదిలో బెత్తానికి భయపడి లెక్కపెట్టిన అంకెలే అవి.

కొండ నెత్తిన ఇటుక గోడల పునాదులు, శిథిలమైన కట్టడాల ఆనవాళ్ళు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్ది మొదలు క్రీస్తు తరువాత 2వ శతాబ్ది వరకు ఇక్కడ మనుషులు నివసించారని పండితుల అంచనా. వాటికన్న నన్ను కట్టిపడవేసినవి తొట్లు. బండను నలుచదరంగా తొలిచి, లోపల అంచులు సాఫు చేసి, వాన నీరు జారి వచ్చి నిండేటట్టు చేసిన తొట్లు. మొత్తం పదహారు అంటారు. మేము లెక్కపెట్టగలిగినవి పదకొండు, తక్కినవి పొదలు కప్పి ఉండవచ్చు. వర్షాకాలం ముగింపు కాబట్టి కొన్నింటిలో పచ్చగా నీళ్ళున్నాయి.

లెక్కల సారు అక్కడనే లెక్క మొదలుపెట్టాడు. ఒక చదరపు మీటరు బండమీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. ఈ తీరంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న బండ ఒక్కటి చాలు, ఏడాదికి లక్ష లీటర్లు. అందులో సగం ఆవిరి అయినా, ఇంకినా, యాభై వేల లీటర్లు నిలుస్తాయి. రోజుకు మనిషికి పది లీటర్లు అనుకొన్నా పదముగ్గురికి ఏడాదంతా సరిపోతాయి! బౌద్ధ భిక్షువులు వర్షాకాలమంతా సంచారం మాని ఒకచోటనే వాసం చేయాలని వారి నియమం. అంటే ఆరామం నిండా జనం ఉండే కాలమూ, తొట్లు నిండే కాలమూ ఒకటే అన్నమాట. ధర్మమూ గణితమూ ఇంత చక్కగా కలిసిన చోటు మరొకటి నేను చూడలేదు.

పెద్దసారు ఒక తొట్టి అంచున కూర్చుండి తూర్పుకు చూస్తూ ఉండిపోయారు. క్రింద భీమిలి ఇండ్లు, సరుగుడు తోటలు. ఒక ప్రక్క, బొర్రా గుహల వైపునుంచి దిగివచ్చి, తాటిపూడి జలాశయంలో విశాఖ నగరానికి తాగునీళ్ళిచ్చి, మిగిలిన నీటితో కడలిలో కలిసే గోస్తనీ నది. దక్షిణంగా గాలి వాన కలిసి చెక్కిన ఎఱ్ఱమట్టి దిబ్బలు. వీటన్నిటి అవతల, చెప్పటానికి మాటలు లేనంత నీరు. “ఆ గీత ఎంత దూరముంటది?” అని ఆయన దిగంతాన్ని చూపించి అడిగారు. లెక్కల సారు మళ్ళీ లెక్క వేసి, ఈ ఎత్తునుంచి సుమారు 42 కిలోమీటర్లు అని చెప్పాడు. మా ఊరినుంచి మెదకు పట్టణానికన్న దూరం. “ఆ గీత అవతల?” “మళ్ళీ నీళ్ళే, సార్.” ఆయన తల ఊపి, చేతి క్రింద ఉన్న తొట్టివైపు తిరిగి, దాని అంచు తడిమారు. “గంత నీళ్ళ ముందు కూసొని గీ తొట్టి తొల్చిండ్రు. మనము చెరువుల కింద కూసొని చెరువులు పూడగొట్టుకున్నం” అన్నారు.

ఆయన మాటలో అతిశయోక్తి లేదు. 2016 వేసవిలో మా సింగూరు జలాశయం అడుగంటినప్పుడు, మంజీర ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళుకూడ ట్యాంకరుకోసం బిందెలు వరుస పెట్టుకొన్నారు. అంతకు ముందు ఏడాదే, 2015లో, మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయటం ప్రారంభమయింది. పూడిక తీసిన చెరువుల క్రింద బావులలో నీళ్ళు పెరగటం మేము కళ్ళారా చూచాము. కాని ఒకసారి తీసిన పూడిక మళ్ళీ చేరకుండ ఉండదు. కాలువలో ఇల్లు కట్టుకొన్నవాడికీ, శిఖం భూమి దున్నుకొన్నవాడికీ ఎవరు చెప్పాలి? పెద్దసారు ఇంట్లో ఇప్పటికి నాలుగు బోర్లు ఎండాయి. ఆ సంగతి నేను ఎత్తలేదు. ఆయనే వ్రేళ్ళు ముడిచి లెక్కపెట్టుకొన్నారు.

దిగటం సులభంగానే అయింది. దారిలో సేటు తన సంచీనికూడ సంపాదించాడు. మలీద పొట్లాన్ని మాత్రం చీమలు ఆక్రమించుకొన్నాయి. ఊరికి తిరిగి వచ్చిన మరునాడు పెద్దసారు బడికి వెళ్ళి, హెడ్మాస్టరు అనుమతితో అయిదవ తరగతి పిల్లలకు ఒక గంట పాఠం చెప్పారని విన్నాను. సముద్రం గురించి పది నిమిషాలు, తొట్ల గురించి యాభై నిమిషాలు చెప్పారట. పాఠం చివర పిల్లలచేత బడి మిద్దె కొలతలు తీయించి, దానిమీద ఏడాదికి ఎన్ని లీటర్ల వాన పడుతుందో గుణించమన్నారట. బడి కమిటీవారు ఇప్పుడు ఆ మిద్దెనీటిని పట్టే తొట్టికోసం చందాలు పోగు చేస్తున్నారు. మా సేటు మొదటి చందాదారు.

ఈ కొండ చూడదలచిన కుటుంబాలకు నాలుగు మాటలు. కార్తికం మొదలు మాఘం వరకు మంచి కాలం. ఉదయం ఏడింటికి ముందే ఎక్కటం మొదలుపెట్టండి. మనిషికి రెండు సీసాల నీళ్ళు, కొంచెం ఉప్పు కలిపిన మజ్జిగ తప్పక ఉండాలి. జారని చెప్పులు వేసికోండి. వృద్ధులను గుడివరకు నిశ్చింతగా తీసికొని వెళ్ళవచ్చు; పైకి వస్తామంటే ఇరవై అడుగుల లెక్క గుర్తు పెట్టుకోండి. పైన తొట్లమీద సుద్దతో, రంగుతో పేర్లు వ్రాసినవారు చాలామంది ఉన్నారు; కాగితపు పళ్ళేలు, ప్లాస్టిక్ గ్లాసులు కొన్ని నీళ్ళలో తేలుతున్నాయి. తొలిచినవారు ఎవరూ ఆ రాళ్ళమీద తమ పేర్లు వ్రాసుకోలేదు. పిల్లలను వెంట తీసికొని వెళ్ళినప్పుడు ఆ సంగతి వారికి అక్కడనే చెప్పండి. మేకలు ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నాయి.